కిటికీ అద్దాల మీద తెల్లటి చారలు పోయేదెలా?

చెన్నై తిరువాన్మియూరులో, సముద్రానికి దగ్గరగా, మూడో అంతస్తులో ఉంటున్నాం. హాలు కిటికీ అద్దాలను సబ్బు నీళ్లతో కడిగి, పాత నూలు పంచె గుడ్డతో, ఆ తర్వాత దినపత్రిక కాగితంతో తుడుస్తున్నాను. తడిగా ఉన్నంతసేపు తళతళలాడతాయి. ఆరగానే చారలు తేలతాయి. పొద్దున తూర్పు ఎండ పడినప్పుడు చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది.

మాది బోరు నీళ్లు. బకెట్టు అంచున కూడా తెల్లటి పొర కడుతుంది కాబట్టి, నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం లవణాలే మిగిలిపోతున్నాయని నా అనుమానం. పైగా సముద్రపు గాలి తెచ్చే ఉప్పు. ఎండలో తుడిస్తే నీరు త్వరగా ఆరి చారలు ఎక్కువవుతున్నాయని సాయంత్రాలకు మార్చాను. కొంత నయం, అంతే.

చివరిసారి ఆర్వో నీళ్లతో తుడిస్తే సరిపోతుందా? వెనిగర్ ఏ పాళ్లలో కలపాలి? కిటికీ గట్టు పాలరాయి, వెనిగర్ పడితే దాని మెరుపు పోతుంది, అందుకే వెనకాడుతున్నాను. రబ్బరు వైపరును పైనుంచి కిందికి లాగాలా, అడ్డంగానా?

వచ్చే వారం అమ్మ నెల్లూరు నుంచి వస్తోంది. ఆ కిటికీ దగ్గర కూర్చుని సముద్రం చూడడం ఆమెకు ఎంతో ఇష్టం. అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పండి.