పొదిగింది రాయినా, ఇటుకనా?

పోయిన నెల ఏథెన్స్‌లో కప్నికరేయా చర్చి చూశాను. 11వ శతాబ్దం నాటిది. ఎర్మూ వీధిలో, బట్టల షాపుల నడుమ, దారికి అడ్డంగా ఉంటుంది. 1834లో కొత్త వీధి కోసం కొట్టేయాలనుకుంటే అప్పటి గ్రీసు రాజు ఒట్టో తండ్రి, బవేరియా రాజు లుడ్విగ్ అడ్డుపడ్డాడు. ఎంత మంచి పని చేశాడో గోడ దగ్గర నిలబడితే తెలుస్తుంది.

నలుపలకలుగా చెక్కిన లేతరంగు రాయి. దాని చుట్టూ సన్నటి ఎర్ర ఇటుక. పక్కన మళ్లీ రాయి, చుట్టూ మళ్లీ ఇటుక. కొన్నిచోట్ల ఇటుకల్ని మూల బయటికొచ్చేలా ఏటవాలుగా పేర్చారు, అచ్చం రంపం పళ్లలా.

ఆ ఫొటో ఇంటికి పంపి, కింద "ఇటుకలు పొదిగిన గోడ" అని రాశాను. నాన్నగారు వెంటనే ఫోన్ చేశారు. "పొదిగింది ఇటుకనా, రాయినా? సరిగ్గా చూసి రాయి" అన్నారు.

నిజమే. ఉంగరంలో కెంపు పొదుగుతారు, చుట్టూ ఉన్న బంగారం దాన్ని పట్టి ఉంచుతుంది. ఇక్కడ కెంపు చోట రాయి, బంగారం చోట ఇటుక. ఈ కట్టుబడికి ఫ్రెంచివాళ్లు పెట్టిన 'క్లుజొనే' అనే పేరు కూడా అలాంటి పని నుంచి వచ్చిందే: సన్నటి లోహపు రేకులతో చిన్న చిన్న గదులు కట్టి, వాటిలో రంగుల ఎనామెల్ నింపే పని. గ్రీకువాళ్లు సూటిగా 'ప్లిన్థోపెరీక్లిస్తో' అంటారు, అంటే ఇటుకతో చుట్టూ మూసినది. 'తాపడం' అందామంటే నాకు మనసొప్పలేదు. గర్భగుడి తలుపుకి వెండి తాపడం చేస్తారు, అది పైన తొడిగేది. మరి మనం ఏమనాలి?

జవాబు: మీ నాన్నగారి మాటే సరి. 'పొదుగు'కి చుట్టుకొను, కప్పు అనే పాత అర్థాలూ ఉన్నాయి. కోడి గుడ్డును పొదిగేది అలాగే కదా! కోడిలా చూసినా, ఉంగరంలా చూసినా పొదగబడేది లోపలిదే, అంటే రాయే. దీపం పెట్టే గూడు మన గోడల్లో ఉండేది, ఆ మాట వాడుకోండి: "ఇటుక గూళ్లలో రాళ్లు పొదిగిన గోడ."

గూడు! ఈ మాట నాకు తట్టనే లేదండీ. చాలా సంతోషం. ఫొటో కింద ఇప్పుడే మార్చాను, నాన్నగారికీ పంపాను. ఇంతకీ దీన్నే కుదించి 'గూటికట్టు' అంటే చదివేవాళ్లకు అర్థమవుతుందా?