1958 ఫొటోలో తాతయ్య దిగుతున్న ఈ బుల్లి కారు ఏది?

మల్కాజ్‌గిరి మనవరాలు:
అందరికీ నమస్తే. మా అమ్మమ్మ బీరువాలో తాతయ్య ఫొటో ఒకటి దొరికింది. నలుపు తెలుపు, పోస్టుకార్డు కంటే కాస్త చిన్న సైజు. వెనకాల అబిడ్స్‌లోని ఒక స్టూడియో ముద్ర, పక్కన పెన్సిల్‌తో 1958 అని అమ్మమ్మ చేతిరాత. స్కాన్ చేస్తే మసకగా వస్తోంది, అందుకే చూసింది చూసినట్టు రాస్తున్నాను.

కారు కోడిగుడ్డులా గుండ్రంగా ఉంది. పక్కన తలుపులు లేవు. ముందు భాగం మొత్తం ఒకే తలుపు, అది తెరిచి ఉంది. తాతయ్య ఒక కాలు నేల మీద పెట్టి దిగుతున్నారు. స్టీరింగ్ సీటు ముందే ఉంది, మన కార్లలాగే కుడి చేతి వైపు. కింద తెల్లటి నంబర్ ప్లేటు ఉంది కానీ తాతయ్య కాలు అడ్డం రావడంతో చివర ఉన్న ఇంగ్లిష్ హెచ్ అక్షరం ఒక్కటే కనిపిస్తోంది. హెచ్ అంటే హైదరాబాదే అని మా ఇంట్లో అందరి నమ్మకం. అసలు ఆ రోజుల్లో ఇలాంటి కారు హైదరాబాద్‌లో ఎవరి దగ్గర ఉండేది? తాతయ్య సనత్‌నగర్‌లో ఒక ఫ్యాక్టరీలో పనిచేసేవారు. కారు కొనే స్తోమత లేదు. ఏ కారో తెలిస్తే అమ్మకు చెప్పాలని ఆశగా ఉంది.

టూస్ట్రోక్ అభిమాని:
ముందు వైపు తలుపు అంటే బీఎండబ్ల్యూ ఇసెట్టా అయి ఉంటుందండి. మొదట ఇటలీలో ఐసో కంపెనీ చేసింది. 1955 నుంచి 1962 దాకా జర్మనీలో బీఎండబ్ల్యూ లక్షన్నరకు పైగా చేసింది. పొడవు ఏడున్నర అడుగులే. ఈ బుల్లి కార్లలో అన్నిటికన్నా ఎక్కువ కనిపించేది అదే.

బండ్ల పిచ్చి:
మూడు చక్రాలైతే మన బెంగళూరు బాదల్ కూడా చూడండి. ఫైబర్ బాడీ, వెనకాల ఇంజిన్.

డార్క్‌రూమ్ పాతకాపు:
బాదల్ 1970లలో వచ్చిన బండి. పైగా దాని ఒంటి చక్రం ముందుంటుంది. దాన్ని పక్కన పెట్టేద్దాం.

ఇసెట్టా కూడా కాదమ్మా. నువ్వు రాసిన ఒక్క మాటే ఆ సంగతి తేల్చేస్తోంది: తలుపు తెరిచి ఉన్నా స్టీరింగ్ సీటు ముందే ఉంది అన్నావు. ఇసెట్టాలో స్టీరింగ్ తలుపుతోనే కలిసి ఉంటుంది. తలుపు లాగితే చక్రం, దాని రాడ్డు రెండూ బయటికి జరిగి దారి ఇస్తాయి. తలుపు తీసినా స్టీరింగ్ కదలకుండా ఉండేది హైంకెల్‌లో. యుద్ధకాలంలో విమానాలు చేసిన హైంకెల్ కంపెనీయే 1956 నుంచి 1958 దాకా ఈ కాబినె కారు చేసింది. అందులో స్కూటర్‌లో పెట్టేలాంటి చిన్న ఇంజిన్, ఒకే సిలిండర్. వెనక ఒక చక్రం ఉన్నవీ ఉన్నాయి, రెండు చక్రాలు దగ్గరగా పెట్టినవీ ఉన్నాయి. కాబట్టి ఫొటోలో చక్రాలు లెక్కపెట్టి తేల్చడం కుదరదు.

ఇప్పుడు అసలు సంగతి. సుల్తాన్‌బజార్‌లో ఒక స్టూడియో డార్క్‌రూమ్‌లో చాలా ఏళ్లు పనిచేశాను. పాత కారు ఫొటో ఎవరు చూపించినా ముందు ప్రింటును చూస్తాను, కారు తర్వాత. నీ ఫొటోలో మూడు విషయాలు ఒకదానితో ఒకటి పొసగడం లేదు. ఈ కారు కుడి స్టీరింగ్‌తో కనిపిస్తే అది చాలావరకు ఇంగ్లండ్‌లో ట్రోజన్ పేరుతో చేసినది అయి ఉంటుంది, కానీ అది 1960లలో వచ్చింది. నీ ఫొటో మీద 1958 ఉంది. రెండోది, ఆ రోజుల్లో మన దగ్గర సొంత కార్లకు నల్ల ప్లేటు మీద తెల్ల అక్షరాలు ఉండేవి, నీది తెల్ల ప్లేటు అంటున్నావు. మూడోది, మన దగ్గర ఊరి అక్షరం నంబరుకు ముందుంటుంది, చివర ఉండదు.

ఈ మూడిటికీ జవాబు ఒకటే కావచ్చు: ప్రింటు తిరగబడి ఉండాలి. ఎన్‌లార్జర్‌లో, అంటే ప్రింటు వేసే యంత్రంలో, నెగెటివ్ పెట్టేటప్పుడు మాసిపోయినట్టుండే మందు పూత వైపు కిందికి, కాగితం వైపుకు రావాలి. తొందరలో మెరిసే వైపు కిందికి పెడితే కుడి ఎడమ, ఎడమ కుడి అవుతాయి. దుకాణం బోర్డు ఏదైనా ఫొటోలో ఉంటే అక్కడికక్కడే దొరికిపోతుంది. మనిషి ఒక్కడే ఉంటే ఎవరూ గమనించరు. హెచ్ అయితే అద్దంలో చూసినా హెచ్‌లాగే ఉంటుంది, అందుకే ఎవరికీ అనుమానం వచ్చి ఉండదు.

తాతయ్య చొక్కా జేబు ఎటు వైపు ఉందో చూడు. మగవాళ్ల చొక్కాకు జేబు వేసుకున్నవాళ్ల ఎడమ వైపు ఉండాలి. గుండీల పట్టీలోనూ ఎడమ పక్కది పైన ఉండాలి. రెండూ చూడు. జేబు ఒక్కదాన్నే నమ్ముకోకు, రెండు జేబుల చొక్కా అయితే మోసపోతాం.

మల్కాజ్‌గిరి మనవరాలు:
సార్, భూతద్దం పెట్టి చూశాను. ఒకే జేబు, అది కుడి వైపు ఉంది! పట్టీ కూడా కుడి పక్కదే పైన ఉంది. కానీ అబిడ్స్ స్టూడియో ముద్ర సంగతి ఏమిటి మరి?

డార్క్‌రూమ్ పాతకాపు:
ముద్ర ప్రింటు ఎక్కడ వేశారో చెబుతుంది, ఫొటో ఎక్కడ తీశారో కాదు. బయటి దేశం వెళ్లినవాళ్లు వాడిన రీళ్లు ఇంటికి తెచ్చి ఇక్కడ కడిగించుకోవడం మామూలే. మా దగ్గరికీ అలాంటివి వచ్చేవి.

ఇప్పుడు ఫొటోను మనసులో తిప్పి చూడు. స్టీరింగ్ ఎడమకు వస్తుంది. హెచ్ ప్లేటు మొదటికి వస్తుంది. తెల్ల ప్లేటు మీద నల్ల అక్షరాలు, ముందు ఊరి అక్షరం: 1956లో జర్మనీలో మొదలైన పద్ధతి ఇదే. అందులో హెచ్ అంటే హానోవర్. ఆ ఊళ్లో 1947 నుంచి పెద్ద పారిశ్రామిక ప్రదర్శన జరుగుతోంది. సనత్‌నగర్ ఫ్యాక్టరీ మనిషి అక్కడికి ఎందుకు వెళ్లి ఉంటాడో ఇంట్లో పెద్దవాళ్లను అడుగు.

మల్కాజ్‌గిరి మనవరాలు:
పెద్దమ్మకు ఇప్పుడే ఫోన్ చేశాను. తాను పుట్టకముందు తాతయ్యను మెషీన్ల పని నేర్చుకోవడానికి కొన్ని నెలలు జర్మనీ పంపారట! అమ్మమ్మ ఆ సంగతి ఎప్పుడూ చెప్పేదట, ఫొటోకీ దానికీ ముడిపెట్టడం ఎవరికీ తట్టలేదు. అమ్మ విని ఏడ్చేసింది సార్. చాలా థాంక్స్.

డార్క్‌రూమ్ పాతకాపు:
చాలా సంతోషం తల్లీ. అదే బీరువాలో నెగెటివ్ ఉందేమో వెతుకు. పాత స్టూడియోలు ప్రింటుతోపాటు పల్చటి కాగితపు కవర్లో పెట్టి ఇచ్చేవి. దొరికితే అంచులు పట్టుకునే తియ్యి, వేలిముద్ర పడితే పోదు. ఈసారి సరైన వైపు స్కాన్ చేయించు. ప్రింటులో నల్లగా పోయిన చోట్ల కూడా నెగెటివ్‌లో వివరం ఉంటుంది, కారు ముక్కు మీద పేరు చదవడానికి వీలుండొచ్చు. ప్రింటును మాత్రం లామినేషన్ చేయించకమ్మా.

టూస్ట్రోక్ అభిమాని:
నెగెటివ్ దొరికితే ఇక్కడే పెట్టండి. ప్లేటులో మిగతా అక్షరాలు కూడా చదువుదాం.