కలదు కలదనెడి “...” కలదో లేదో: ఆ ఖాళీలో ఏ మాట?

నైట్‌షిఫ్టు:
నాలుగు రోజులుగా ఒక పద్యపాదం నిద్రపోనివ్వడం లేదు. అసలే నాది పగటి నిద్ర.

1999లో విజయవాడలో ఒక ఆఫీసులో నా మొదటి ఉద్యోగం. అక్కడి సూపరింటెండెంటు గారు ఫ్యాక్స్ మెషీన్ కీచుమని అరవడం మొదలుపెట్టగానే దాని ముందు చేతులు కట్టుకుని నిలబడి ఒక కంద పద్యం చదివేవారు. పోతన గారి గజేంద్రమోక్షంలోని “కలడందురు దీనులయెడ ... కలడో లేడో” పద్యానికి పేరడీ అని ఈ గ్రూపులో చెప్పనక్కర్లేదు. నాకు గుర్తున్నది ఇంతే:

కలదందురు పై గదిలో
(ఇక్కడ రెండు పాదాలు పోయాయి)
కలదు కలదనెడి ఫ్యాక్సే కలదో లేదో

చివరి పాదం చదువుతుంటే మధ్యలో ఎక్కడో తన్నుతోంది.

ఇన్నేళ్ళకి ఎందుకు గుర్తొచ్చిందంటే, ఇప్పుడు హైదరాబాదులో అమెరికా క్లినిక్కులకి మెడికల్ బిల్లింగ్ చేస్తున్నాను. మొన్న ఒక క్లెయిమ్‌కి రికార్డులు మూడుసార్లు ఫ్యాక్స్ చేశాం. మూడుసార్లూ “ఓకే” అని వచ్చింది. ఇన్సూరెన్స్ వాళ్ళకి ఫోన్ చేస్తే నలభై నిమిషాలు హోల్డ్‌లో పెట్టి, “మాకేమీ అందలేదు, మళ్ళీ ఫ్యాక్స్ చెయ్యండి” అన్నారు. మెయిల్ చేస్తామంటే ససేమిరా. పక్క సీట్లో కొత్తగా చేరిన అమ్మాయి, “అన్నా, ఫ్యాక్స్ మెషీన్ చూడ్డానికి ఎలా ఉంటుంది?” అంది. రోజుకి ముప్పై ఫ్యాక్సులు పంపుతుంది, అన్నీ కంప్యూటర్లోంచే. మెషీన్‌ని ఎప్పుడూ చూడలేదట.

మిగతా పద్యం ఎవరికైనా తెలుసా?

గణవిభజన:
తన్నేది “ఫ్యాక్సే” దగ్గరే. మూడో పాదంతో కలిపి లెక్కిస్తే అక్కడ వచ్చే ఆరో గణం నలమో (నాలుగు లఘువులు) జగణమో (లఘువు, గురువు, లఘువు) అయి తీరాలి కదా. మీరు అక్కడ గగం (రెండు గురువులు) పెట్టారు. “ఫ్యాక్సు” అని కుదించినా మూడు మాత్రలే, ఒకటి తక్కువై యతి చెడుతుంది. పోతన్న గారు “కలడు కలండనెడువాడు కలడో లేడో”లో అక్కడ “డువాడు” అని ఎంత హాయిగా జగణం వేశారో చూడండి. మీ సూపరింటెండెంటు గారికి ఛందస్సు వచ్చని అనుకుంటే, ఆ మాట ఫ్యాక్సు అయ్యే అవకాశం లేదు.

ఓరుగల్లు:
గణవిభజన గారు “డువాడు” అన్నందుకు సంతోషం. అందరూ “కలండనెడివాడు” అని పాడేసి చంపుతున్నారు. అది “అనెడు”. పేరడీలో కూడా “కలదనెడు” అనే ఉండాలి. ముందు అది దిద్దండి, తర్వాత ఫ్యాక్సు సంగతి.

గుంటూరు మాస్టారు:
“డి” అంటే తప్పేమిటండీ? రెండూ లఘువులే, ఛందస్సుకి అభ్యంతరం లేదు. పోతన గారికీ లేదు. “పలికించెడివాడు రామభద్రుండట” అని ఆయనే అన్నారు కదా. అక్కడ లేని దోషం గజేంద్రుడి దగ్గరికొచ్చేసరికి ఎలా వచ్చింది?

ఓరుగల్లు:
మాస్టారూ, దొరికిపోయారు. అచ్చులో ఉన్నది “పలికించు విభుండు రామభద్రుండట”. “పలికించెడివాడు” మనం బళ్ళో బట్టీపట్టిన పాఠం. ఎవరి నోట్లోనో మారింది.

గుంటూరు మాస్టారు:
అచ్చు వెయ్యకముందు కూడా నోళ్ళున్నాయి నాయనా. మా నాన్నగారు “చెడివాడు” అనేవారు. “విభుండు” గొప్పగానే ఉంది, కాదనను. కానీ తాటాకు మీద ఏమున్నదో నువ్వూ చూడలేదు, నేనూ చూడలేదు. అయినా అదే పద్యం మొదట్లో “పలికెడిది” అన్నాడు, అక్కడ డి ఉంది.

గణవిభజన:
ఆ సాక్ష్యం చెల్లదు మాస్టారూ. “పలికెడిది”లో వెనకాల “అది” ఉంది. “పలికెడు”కి “అది” చేర్చినా “పలికెడిది” అనే అంటాం. “వాడు” ముందు డి వచ్చిన చోటు చూపించాలి.

కడపోడు:
ఒంటిమిట్ట రాముడే పలికించినాడు కాబట్టి ఏ అక్షరమైనా మాకు సమ్మతమే.

ఓరుగల్లు:
బమ్మెరలో పొలం దున్నుకున్నాయన ఒంటిమిట్టకి ఎప్పుడొచ్చాడన్నా? పోతన ఊరి గొడవ మళ్ళీ మొదలుపెట్టకండి, పోయినసారి రెండొందల కామెంట్లయినాయి.

నైట్‌షిఫ్టు:
అయ్యా, నా ఫ్యాక్సు?

సగంపేపరు:
ఫ్యాక్సా, ఫాక్సా? ముందు అది తేల్చండి. మా జిల్లాలో “ఫాక్సు కొట్టు” అనేవాళ్ళు. నా అనుమానం ఏమిటంటే ఆ “కొట్టు” టెలిగ్రాం నుంచి వచ్చింది. తంతి ఆఫీసులో మీట నిజంగానే కొట్టేవాళ్ళు. 2013 జులైలో తంతి పోయింది, కొట్టుడు మాత్రం మిగిలింది. ఫ్యాక్స్‌లో కొట్టేదేముంది, కాగితం దూర్చి నంబరు నొక్కడమే. మెయిల్‌కి వచ్చేసరికి సగంమంది “కొట్టు”, సగంమంది “పెట్టు”. వాట్సాప్‌ని మాత్రం ఎవరూ కొట్టరు, పెడతారు.

గుంటూరు మాస్టారు:
ఫాక్సంటే నక్క. కథలో నక్క కూడా మాటిచ్చి మాయమయ్యేదే, కాబట్టి అర్థం కుదురుతుంది.

వార్తలపిచ్చి:
నాకు “కలదో లేదో” దగ్గరే అనుమానం. “కలడో లేడో” అని ఉంచేసి ఉంటారు ఆయన. ఎందుకంటారా? 2018 నవంబరు 21 గుర్తు తెచ్చుకోండి. ప్రభుత్వం ఏర్పాటు చేస్తామని మెహబూబా ముఫ్తీ జమ్మూ కశ్మీర్ గవర్నరుకి ఉత్తరం ఫ్యాక్స్ చెయ్యబోతే పోలేదు. దాన్ని ట్విట్టర్లో పెట్టారు. ఆ రాత్రే అసెంబ్లీ రద్దు. ఆ రోజు మిలాదున్నబీ సెలవు, ఫ్యాక్స్ దగ్గర మనిషి లేడని గవర్నరు తర్వాత చెప్పారు. అంటే ప్రశ్న కాగితం ఉందా అని కాదు, అవతల మనిషి ఉన్నాడా అని. గజేంద్రుడు అడిగిందీ అదే. పేరడీలో డ ద అయ్యిందంటే పద్యం ప్రాణం పోయినట్టే.

గణవిభజన:
బావుంది కానీ, 2018 సంగతి 1999 పద్యానికి సాక్ష్యం ఎలా అవుతుంది?

వార్తలపిచ్చి:
మనిషి లేకపోవడం 1999లో కూడా ఉందండీ.

నైట్‌షిఫ్టు:
నిజమే. ఆ “ఓకే”కి అర్థం మా మెషీన్ వాళ్ళ మెషీన్‌తో మాట్లాడిందని మాత్రమే. మనిషి చూశాడని కాదు. పైగా అడిగితే పేషెంట్ల వివరాలు గుట్టుగా ఉంచాలనే హిపా చట్టం అంటారు. ఆ చట్టం ఫ్యాక్సే వాడమని ఎక్కడా అనలేదు. 2018లో అమెరికా ప్రభుత్వ ఆరోగ్యబీమా మెడికేర్‌ని నడిపే సంస్థకి పెద్దగా ఉన్న సీమా వర్మ 2020 కల్లా డాక్టర్ల ఆఫీసుల్లో ఫ్యాక్స్ లేకుండా చెయ్యాలని పిలుపిచ్చారు. ఆ గడువు దాటాక కూడా నేను చేరిన మొదటి రోజు నేర్పిన పని కవర్ షీట్ నింపడం.

డెర్బీ డాక్టరు:
ఇక్కడ ఇంగ్లండులో కనీసం కొనడం ఆపారు. 2019 జనవరి నుంచి ఇక్కడి ప్రభుత్వ వైద్యసేవ ఎన్‌హెచ్‌ఎస్‌లో కొత్త ఫ్యాక్స్ మెషీన్లు కొనకూడదన్నారు. పద్యం విషయంలో నాది “డి” పార్టీ. ఘంటసాల గొంతులో విన్న చెవికి ఇంకోటి ఎక్కదు.

ఓరుగల్లు:
ఘంటసాల పాఠపరిష్కర్త కాడు సార్.

గణవిభజన:
అసలు ప్రశ్నకి నా పరిష్కారం: జవాబు. లఘువు, గురువు, లఘువు. అచ్చమైన జగణం.

కలదు కలదనెడి జవాబు కలదో లేదో

విరిచి చూడండి: కలదుక, లదనెడి, జవాబు, కలదో, లేదో. యతి క, క. ఒక్క మాత్ర కూడా కదలదు. “ఫ్యాక్సే” మీ జ్ఞాపకంలోకి తర్వాత దూరింది.

పాతకాగితం:
ఒప్పుకోను. అది “రసీదు”. అదీ జగణమే.

నేనూ ఆ రోజుల్లో ఫ్యాక్స్ పక్కన కూర్చున్నవాణ్ణే. రోల్ కాగితం బయటికొచ్చి చుట్టుకుపోయేది, పేపర్‌వెయిట్ పెట్టకపోతే నిలవదు. పంపినట్టు చిన్న చీటీ వచ్చేది: నంబరు, పేజీలు, టైము, ఓకే. దాన్ని జాగ్రత్తగా ప్లాస్టిక్ కవర్లో పెట్టి ఫైలు చేశాను. ఆడిట్ వాళ్ళొచ్చి తీస్తే తెల్ల కాగితం! ఆ ప్లాస్టిక్కే అక్షరాల్ని తినేస్తుందని తర్వాత తెలిసింది. ఇంకోటి మే నెలలో కిటికీ దగ్గర మర్చిపోతే నల్లగా మాడింది. అప్పట్నుంచి ఫ్యాక్స్ రాగానే జిరాక్స్ తీసి, జిరాక్స్‌నే ఫైలు చేసేవాళ్ళం. “కలదు కలదనెడి రసీదు” అనే మాట ఆ తెల్ల చీటీని చూసినవాడికే పుడుతుంది. జవాబు ఏ ఆఫీసులో ఉంటుంది, లేదని వెతకడానికి?

మూడో పాదం నేనిస్తాను: “కలదందురు ఫైలు నడుమ”. లెక్క చూసుకోండి.

గణవిభజన:
లెక్క సరిపోయింది. కానీ ఇది గుర్తొచ్చిందా, ఇప్పుడు కట్టారా?

పాతకాగితం:
అది చెప్పను.

గుంటూరు మాస్టారు:
రెండో పాదానికి నేను ప్రయత్నిస్తున్నాను. భోజనం తర్వాత.

నైట్‌షిఫ్టు:
మాస్టారూ, పాతకాగితం గారూ, ఇద్దరికీ దండాలు. “రసీదు” చదువుకుంటే ఆయన గొంతు వినబడుతోంది. “జవాబు” చదువుకుంటే అదీ వినబడుతోంది. ఆ ఆఫీసులో నాతో పనిచేసినాయనకి ఇందాక ఫోన్ చేశాను. “పద్యమా? ఆయన ఫ్యాక్స్ ముందు ఆంజనేయ దండకం కదా చదివేవారు” అన్నాడు.

ఆ క్లెయిమ్ రికార్డులు ఇప్పుడే నాలుగోసారి పంపాం. ఓకే అని వచ్చింది.

ఓరుగల్లు:
పైన పోస్టులో “కలదనెడి” ఇంకా అలాగే ఉంది. ఎడిట్ చెయ్యండి.