స్వరరచన, కండక్టింగ్ రెండూ కలిసి సాగుతాయా? సలోనెన్ ఉదాహరణ గురించి

టీనగర్ తండ్రి:
అందరికీ నమస్కారం. మా అమ్మాయి పియానోలో లండన్ ట్రినిటీ కళాశాల పరీక్షల ఎనిమిదో గ్రేడు పూర్తి చేసింది. పాశ్చాత్య శాస్త్రీయ సంగీతంలో స్వరరచన, ఆర్కెస్ట్రా కండక్టింగ్ (వాద్యబృందం ముందు నిలబడి దాన్ని నడిపించడం) రెండూ చదువుతానని ఇప్పుడు పట్టుబట్టింది. రెండు పడవల మీద కాళ్లు పెట్టవద్దని వాళ్ల మాస్టారు గట్టిగా చెబుతున్నారు. తనేమో ఫిన్లాండ్‌కు చెందిన ఎసా-పెక్కా సలోనెన్ పేరు చెప్పి, ఆయనకు కుదిరినది నాకెందుకు కుదరదని అడుగుతోంది. నాకు కర్ణాటక సంగీతం తప్ప మరొకటి తెలియదు. ఆయన నిజంగానే రెండింటినీ సమానంగా నడిపారా, లేక ఒకదానికోసం మరొకదాన్ని పక్కన పెట్టవలసి వచ్చిందా? చెన్నై నుంచి బయటి కళాశాలలకు దరఖాస్తు చేసే ముందు ఈ సంగతి తెలుసుకోవాలని ఉంది.

అడయారు శ్రోత:
మీ అమ్మాయి ఎంచుకున్న ఉదాహరణ మంచిదేనండి. 1958లో హెల్సింకీలో పుట్టిన సలోనెన్ అక్కడి సిబేలియస్ అకాడమీలో హారన్ అనే ఇత్తడి వాద్యం వాయించడం, స్వరకర్త రౌతవారా దగ్గర స్వరరచన నేర్చుకున్నారు. తన రచనలనూ, మాగ్నస్ లిండ్‌బెర్గ్, కయా సారియాహో వంటి తోటివారి రచనలనూ వేదిక ఎక్కించే మనిషి ఒకరు కావాలి కనుకనే ఆయన కండక్టింగ్ వైపు వచ్చారు. 1983లో లండన్‌లో ఫిల్‌హార్మోనియా ఆర్కెస్ట్రాకు స్వరకర్త మాలర్ మూడవ సింఫనీ నిర్వహించవలసిన కండక్టర్ మైకేల్ టిల్సన్ థామస్ రాలేకపోవడంతో, కొద్ది రోజుల వ్యవధిలో ఆ బాధ్యత 25 ఏళ్ల సలోనెన్ మీద పడింది. గంటన్నరకు పైగా సాగే ఆ రచనను ఆయన నిర్వహించిన తీరుతో ఒక్క రాత్రిలో పేరు వచ్చింది. ఆ తరువాత స్వీడిష్ రేడియో ఆర్కెస్ట్రా, 1992 నుంచి 2009 వరకు లాస్ ఏంజలెస్ ఫిల్‌హార్మోనిక్, 2008 నుంచి 2021 వరకు అదే లండన్ ఫిల్‌హార్మోనియా, 2020 నుంచి 2025 వరకు శాన్ ఫ్రాన్సిస్కో సింఫనీ అనే ఆర్కెస్ట్రాలను నడిపించారు. వీటన్నిటి మధ్యా ఆయన రాస్తూనే వచ్చారు. 2009 నాటి వయొలిన్ కన్చెర్టోకు (వయొలిన్ ముఖ్యంగా, ఆర్కెస్ట్రా తోడుగా సాగే రచనకు) 2012లో స్వరరచనకు ఇచ్చే గ్రావెమేయర్ బహుమతి కూడా లభించింది. కనుక రెండూ సాధ్యమేనని నా అభిప్రాయం.

కోడంబాక్కం వయొలిన్:
పై మిత్రులు చెప్పిన వివరాలు నిజమే కానీ, "రాస్తూనే వచ్చారు" అన్న మాటతో నేను ఏకీభవించలేను. పేరు వచ్చిన తరువాత పదేళ్లకు పైగా ఆయన స్వరరచన చాలా పలుచగా సాగింది. ఏటా వందల గంటల రిహార్సళ్లు, విమాన ప్రయాణాలు, ఇతరుల స్కోర్లు కంఠస్థం చేసే పని ఉన్న మనిషికి ఖాళీ కాగితం ముందు కూర్చునే తీరిక ఎక్కడిది? 1996లో రాసిన 'ఎల్.ఏ. వేరియేషన్స్'తో ఆయన స్వరకర్తగా మళ్లీ నిలబడ్డారు. ఆరేసి స్వరాల రెండు సముదాయాలు తీసుకుని, రెండూ కలిస్తే పన్నెండు స్వరస్థానాలూ పూర్తయ్యేలా అమర్చి, ఆ రచన మొత్తాన్నీ వాటి మీదే నిర్మించారు. అంతటితో ఆగక, 2000లో కండక్టింగ్ నుంచి ఏడాది పాటు సెలవు తీసుకుని రచన మీదే కూర్చున్నారు. అలా సెలవు అడిగినా ఆర్కెస్ట్రా ఆయన కోసం వేచి ఉండే స్థాయికి అప్పటికే చేరుకున్నారన్నది మరువకూడదు. కొత్తగా వచ్చినవారికి ఆ సౌకర్యం ఎవరూ ఇవ్వరు.

అయితే కండక్టింగ్ వృథా అని నేను అనడం లేదు. కోడంబాక్కం రికార్డింగ్ థియేటర్లలో వయొలిన్ల వరుసలో ఏళ్ల తరబడి కూర్చున్నవాణ్ణి. తీగల మీద మ్యూట్ (ధ్వని తగ్గించే చిన్న బిగింపు) పెట్టుకోవడానికి రెండు మూడు బార్ల (తాళ ఆవర్తాల వంటివి) విరామం కావాలనీ, క్లారినెట్ మనిషికి ఊపిరి తీసుకునే చోటు ఉండాలనీ తెలియని రచనను ఎంత గొప్పవాడు రాసినా, మొదటి టేక్‌లోనే అది దొరికిపోతుంది. సలోనెన్ వయొలిన్ కన్చెర్టోలో ఆ అనుభవం వినిపిస్తుంది. అప్పటికే ఎక్కడో నడుస్తున్న సంగీతంలోకి మనం ఆలస్యంగా అడుగుపెట్టినట్టు వయొలిన్ ఒంటరిగా మొదలవుతుంది. మూడవ భాగంలో సినిమా పాటల్లో వాడే డ్రమ్ సెట్ పెట్టి కూడా వయొలిన్ వినబడేలా చూసుకున్నారు. ఇటువంటి తూకం ఆర్కెస్ట్రా ముందు నిలబడి వినగా వినగా పట్టుబడే విద్య.

టీనగర్ తండ్రి:
ఇద్దరికీ కృతజ్ఞతలు. అలాగైతే ముందు దేనిలో చేర్పించమంటారు?

కోడంబాక్కం వయొలిన్:
ముందు స్వరరచనలోనే చేర్పించండి. అది ఒంటరిగా, ఇంట్లో, ఖర్చు లేకుండా సాధన చేయగలిగినది. కండక్టింగ్‌కు ఎదురుగా మనుషులు కావాలి. సలోనెన్ కండక్టింగ్ గురువు యోర్మా పానులా పేరు ఫిన్లాండ్ దాటి పాకిందంటే అసలు కారణం అదే: ఆయన విద్యార్థులు నిజమైన వాద్యబృందం ముందు నిలబడి నిర్వహించేవారు, తరువాత వీడియోలో తమ చేతులను తామే చూసుకునేవారు. అద్దం ముందు బేటన్ (కండక్టర్ చేతి పుల్ల) ఊపితే ఆ విద్య రాదు. చెన్నైలో రోజూ ఒక ఆర్కెస్ట్రా దొరకదు కాబట్టి, మద్రాస్ మ్యూజికల్ అసోసియేషన్ గాయక బృందం వంటి చోట చేరి ముందు పాడమనండి. నలుగురి గొంతులు ఎక్కడ జారుతాయో లోపల నుంచి తెలుస్తుంది.

అడయారు శ్రోత:
ఈ సలహాతో నేనూ ఏకీభవిస్తాను. దీనికి ఒక్కటే చేర్చుతాను. ఇళయరాజా గారి సింఫనీ 2025 మార్చి 8న లండన్‌లో వినిపించినప్పుడు రచన ఆయనది, నిర్వహణ మికెల్ టామ్స్‌ది. కనుక రెండూ ఒకరే చేయాలన్న నియమం ఏమీ లేదు. కళాశాలలకు రాసేటప్పుడు మాత్రం, కండక్టింగ్ విద్యార్థికి వారానికి ఎన్ని నిమిషాలు నిజమైన ఆర్కెస్ట్రా ముందు దొరుకుతాయో, స్వరరచన విద్యార్థి రాసినది ఏడాదికి ఎన్నిసార్లు వాయిస్తారో స్పష్టంగా అడగండి.