నాన్నకు హార్మోన్ వైద్యం పట్టడం లేదు, జీన్ పరీక్ష చేయించాలా?

కాకినాడ_శ్రీను: నాన్నకి 71. ప్రోస్టేట్ క్యాన్సర్‌కి వృషణాలు తీసేసి రెండేళ్ళయిందండి. మగ హార్మోన్ టెస్టోస్టిరాన్ అట్టడుగునే ఉంది, పీఎస్‌ఏ (ఈ క్యాన్సర్ జాడ చెప్పే రక్తపరీక్ష) మాత్రం మళ్ళీ ఎక్కుతోంది. డాక్టరు గారు జీన్ పరీక్ష రాశారు. అవసరమంటారా?

భాస్కర్_నల్గొండ: పైసలు దండుగ తమ్మీ. ఆపరేషన్ చేయించుడే తప్పు. మూడు నెలలకోసారి సూది ఏయిస్తే ఇంత జల్ది తిరగబెట్టకపోవు.

సుజాత_ల్యాబ్: సూదైనా ఆపరేషనైనా చేసేది హార్మోన్ ఆపడమే. ఈ క్యాన్సర్ మగ హార్మోన్ మీదే పెరుగుతుందని 1941లో హగ్గిన్స్ అనే డాక్టరు చూపించినప్పటి నుంచీ వైద్యానికి ఆధారం అదే. తర్వాత కణమే మారుతుంది. హార్మోన్‌ని అందుకునే రిసెప్టర్ అనే ప్రోటీన్‌ జీన్ కాపీలు పెంచుకుంటే చిటికెడు హార్మోనే దానికి చాలు. ఏఆర్‌-వి7 అనే రిసెప్టర్ రకానికైతే హార్మోన్ అంటుకునే భాగమే ఉండదు, అది లేకుండానే పనిచేస్తుంది.

భాస్కర్_నల్గొండ: మేడమ్, నేను కండ్లార చూసిన. మా నాయనకు హార్మోన్‌ను అడ్డుకునే బైకాలుటమైడ్ గోలీ బంద్ చేస్తే పీఎస్‌ఏ దిగింది. మందే జబ్బును పెంచింది. దీనికేమంటరు?

సుజాత_ల్యాబ్: అలా జరుగుతుంది. రిసెప్టర్‌లో 742వ స్థానం మారితే అడ్డుకోవాల్సిన ఆ మందే దాన్ని నడిపిస్తుంది. అందుకే జీన్ చూడమంటున్నాను.

రమణ: ముందు ఖర్చెంతో చెప్పండి.

భాస్కర్_నల్గొండ: చూపించినం మేడమ్! బీఆర్‌సీఏ2 అనే జీన్‌ల మార్పు ఉన్నదని వచ్చింది. మా అక్క చుట్టాలందరికీ చెప్పింది. మా మేనకోడలికి కుదిరిన సంబంధం పోయింది. ఆ పిల్ల ఇప్పటికీ నాతోని మాట్లాడది. పరీక్ష రాసినోళ్ళు ఇది ముందు చెప్పిన్రా?

సుజాత_ల్యాబ్: చెప్పకపోవడం తప్పే భాస్కర్ గారూ. నేను పైన చెప్పిన రిసెప్టర్ మార్పులు కణితిలోనే పుడతాయి, పిల్లలకు రావు. బీఆర్‌సీఏ2 కణితిలో కనిపిస్తే, అది పుట్టుకతో వచ్చిందో కాదో రక్తపరీక్షతో విడిగా తేల్చాలి. కానీ ఆ మార్పు ఉన్నవాళ్ళకి ఓలాపరిబ్ అనే మందు ఉంది, 2020లో అమెరికాలో అనుమతి వచ్చింది. మీ మేనకోడలికే ఆ మార్పు ఉంటే రొమ్ము, అండాశయ క్యాన్సర్ల ముప్పు ఎక్కువ. తెలియకపోతే ఎలా?

భాస్కర్_నల్గొండ: తెలుసుకునుడు ఆ పిల్ల ఇష్టం. ఊరంతటికీ తెల్వాల్నా? నా కొట్లాట దాని గురించే.

కాకినాడ_శ్రీను: నాకిద్దరు చెల్లెళ్ళండి. పెద్దదానికి సంబంధాలు చూస్తున్నాం. పరీక్ష చేయిస్తాను. ఫలితం ఎవరికి చెప్పాలో ముందు నాన్ననే అడుగుతాను.