పర్లాకిమిడి నుంచి ఫాతిమా, లూర్దు, రోమ్: వీసా, బస్సు, పెద్దవాళ్ల సంగతి

ప్రశ్న (పర్లాకిమిడి)

అందరికీ నమస్కారం. మా విచారణ (చర్చి పరిధి) నుంచి 22 మందిమి వచ్చే మే నెలలో క్రైస్తవ పుణ్యక్షేత్రాలైన ఫాతిమా (పోర్చుగల్), లూర్దు (ఫ్రాన్స్), రోమ్ వెళ్దామనుకుంటున్నాం. గురువులు (ఫాదర్) ఒకరు వెంట వస్తున్నారు. సగం మంది అరవై దాటినవాళ్లే, కొందరికి మోకాళ్ల నొప్పులు. మేం ఒడిశాలో ఉంటాం, ఆంధ్రలోని పాతపట్నం వైపు చుట్టాలు కూడా ఇందులో ఉన్నారు. ఏజెంటు ఇచ్చిన ప్లాను: లిస్బన్‌లో దిగి ఫాతిమాలో 2 రాత్రులు, తర్వాత బస్సులో ఒక్క రోజులో లూర్దు, అక్కడ 2 రాత్రులు, విమానంలో రోమ్, అక్కడ 4 రాత్రులు. వీసా ఎక్కడ వేయాలి? ఆధార్‌లో ఒక పేరు, పాస్‌పోర్టులో ఒక పేరు, జ్ఞానస్నాన (బాప్టిజం) పత్రంలో ఇంకో పేరు ఉన్నవాళ్లున్నారు. అడ్వాన్సు కట్టే ముందు ఏం చూసుకోవాలి?

జవాబు (బరంపురం)

ముందు ఆ బస్సు సంగతి తేల్చండి. ఫాతిమా నుంచి లూర్దుకి దాదాపు వెయ్యి కిలోమీటర్లు, స్పెయిన్ దాటి వెళ్లాలి. యూరప్‌లో డ్రైవరు రోజుకి 9 గంటలకు మించి నడపకూడదు, వారంలో రెండు రోజులు మాత్రం 10 దాకా ఒప్పుకుంటారు. నాలుగున్నర గంటలు నడిపాక 45 నిమిషాలు ఆపి తీరాలి. ఇదంతా బస్సులోని టాకోగ్రాఫ్‌లో (నడిపిన గంటలు నమోదు చేసే యంత్రం) రికార్డవుతుంది, బతిమాలితే కుదిరేది కాదు. ఒక్క డ్రైవరుతో ఒక్క రోజులో చేరిస్తామనే ఏజెంటు ఈ దారి లెక్క చూడలేదన్నమాట. స్పెయిన్‌లోని బుర్గోస్ దగ్గర ఒక రాత్రి ఆగండి, లేదా లిస్బన్ నుంచి ఫ్రాన్స్‌లోని టూలూజ్‌కి విమానంలో వెళ్లండి, అక్కడి నుంచి లూర్దు రెండు గంటల పైచిలుకు. మోకాళ్ల నొప్పులవాళ్లుంటే రెండోదే మేలు.

రాత్రుల లెక్క తేలాకే వీసా. పోర్చుగల్, ఫ్రాన్స్, ఇటలీ మూడూ షెంగెన్ (ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల కూటమి) కాబట్టి ఒకటే వీసా, అది ఎక్కువ రాత్రులు ఉండే దేశం దగ్గర వేయాలి. సమానమైతే మొదట అడుగుపెట్టే దేశం. మీ ప్లాను ప్రకారం ఇటలీ. ఇటలీకి ఒడిశా కోల్‌కతా కాన్సులేట్ కిందకి వస్తుంది, ఆంధ్ర వేరే కాన్సులేట్ కిందకి పోతుంది. అంటే పాతపట్నం చుట్టాలు మీతో ఒకే కవరు లేఖ పెట్టుకున్నా ఒకే కౌంటరులో ఇవ్వలేకపోవచ్చు. ఇప్పుడు ఉంటున్న చిరునామాకు రుజువు ఎవరిది వాళ్లు సిద్ధం చేసుకోవాలి. వేలిముద్రలకు ఎవరికి వాళ్లే వెళ్లాలి, ఏజెంటు వెళ్తే చాలదు.

ప్రయాణానికి 6 నెలల ముందు నుంచి దరఖాస్తు తీసుకుంటారు, 15 రోజుల ముందుతో ఆఖరు. వేసవి సెలవుల రద్దీ వల్ల అపాయింట్‌మెంట్లు దొరకవు, జనవరి, ఫిబ్రవరిల్లోనే వేసేయండి. ఫీజు 90 యూరోలు, తిరస్కరించినా వెనక్కి రాదు. ఇన్సూరెన్సు కనీసం 30,000 యూరోలకు ఉండాలి. పాత బీపీ, షుగరు వల్ల వచ్చే ఖర్చు చాలా పాలసీల్లో కవరు కాదు, ఆ పేజీ చదివాకే కొనండి.

జవాబు (రాయగడ)

పేర్ల గురించి. టికెట్టుకీ వీసాకీ పాస్‌పోర్టు పేరే ప్రమాణం. జ్ఞానస్నాన పత్రం వీసాకి అక్కర్లేదు. మన వైపు తరచూ తగిలే చిక్కు ఒడియా రికార్డుల నుంచి వస్తుంది. వెంకటరావు కాస్తా కాగితాల్లో బెంకటరావు అవుతాడు, బ్యాంకు పాసుపుస్తకంలోనూ అదే పడుతుంది. పాస్‌పోర్టులో సరిగ్గానే ఉంటే దాన్ని కదపొద్దు, బ్యాంకులో కేవైసీ మార్పించండి. స్టేట్‌మెంటు మీద పేరు వేరుగా ఉంటే ఆ డబ్బు మీదేనని వీసా అధికారులు ఎలా నమ్ముతారు? ఇంటిపేరు గడి ఖాళీగా ఉన్న పాస్‌పోర్టులకు అన్ని టికెట్లలోనూ పేరు ఒకేలా వేయించండి.

దరఖాస్తుకి వారం ముందు ఖాతాలో లక్షలు వేస్తే అనుమానమే. కొడుకు ఖర్చు పెడుతుంటే కొడుకు లేఖ, అతని స్టేట్‌మెంటు, బంధుత్వ రుజువు జతచేయండి. రైతులకు ఐటీ రిటర్నులు లేకపోతే పట్టా పెట్టొచ్చు, ఒడియా కాగితమైతే ఇంగ్లీషు అనువాదం తప్పదు. పాస్‌పోర్టుకి తిరుగు ప్రయాణం తర్వాత 3 నెలల గడువు, రెండు ఖాళీ పేజీలు ఉండాలి.

ప్రశ్న అడిగినవారు

చాలా థాంక్సండీ, టూలూజ్ విమానం సంగతి ఏజెంటుని అడుగుతాను. గురువులకు వేరే కాగితాలేమైనా కావాలా? అక్కడ పెద్దవాళ్లకు ఎలా ఉంటుంది?

జవాబు (జయపురం)

గురువులకు పీఠాధిపతిగారి (బిషప్) దగ్గర నుంచి సెలెబ్రెట్ లేఖ (ఆయన పూజ చేయడానికి అర్హులని చెప్పే పత్రం) కావాలి. అది చూపించకపోతే అక్కడ దివ్యబలిపూజ (మాస్) చేయనివ్వకపోవచ్చు. మీ గుంపు పూజకి సమయం ముందే బుక్ చేసుకోవాలి, చేశారో లేదో ఏజెంటుని రాతపూర్వకంగా అడగండి.

ఫాతిమాలో 1917లో మరియమ్మ తల్లి మొదట కనిపించిన తేదీ మే 13. ఏటా 12, 13 తేదీల్లో ఇసుక వేస్తే రాలదు, గదుల ధరలు మండిపోతాయి. ఆ మహోత్సవమే కావాలంటే సరే, లేదంటే ఆ వారం వదిలేయండి. రాత్రి తొమ్మిదిన్నరకు దర్శనాల గుడి (మరియమ్మ తల్లి కనిపించిన చోట కట్టినది) దగ్గర జపమాల, తర్వాత కొవ్వొత్తుల ప్రదక్షిణ. మోకాళ్ల మీద వెళ్లే పాలరాతి బాట కూడా ఉంది. నొప్పులున్నవాళ్లు ఉత్సాహంతో మొదలుపెట్టి మధ్యలో లేవలేకపోతారు, పక్కన నడిస్తే చాలని ముందే చెప్పండి.

లూర్దు కొండ ఊరు. హోటలు 'దగ్గరే' అని రాసినా తిరిగి వచ్చేటప్పుడు ఎక్కుడు ఉంటుంది, పాత హోటళ్లలో లిఫ్టులు ఇరుకు. సాయంత్రం 5కి దివ్య సత్ప్రసాద (పూజలో ఆశీర్వదించిన అప్పం) ప్రదక్షిణ, రాత్రి 9కి కొవ్వొత్తులది. మే నెలలో కూడా రాత్రిళ్లు చలి, వాన రెండూ ఉంటాయి. స్వెట్టరు, రెయిన్‌కోటు, చీర కట్టినా కింద బూట్లు. మరియమ్మ తల్లి కనిపించిన గుహ దగ్గర కుళాయిల్లో నీళ్లు ఉచితం. చాలా విమానాశ్రయాల్లో చేతిసంచిలో 100 మిల్లీలీటర్లు మించిన సీసా లాగేసుకుంటారు, సీసా మూతకి టేపు చుట్టి పెద్ద పెట్టెలో పెట్టండి.

రోమ్‌లో పోపుగారి బుధవారం సభకు టికెట్లు ఉచితం. వాటికి ఎవరైనా డబ్బు అడిగితే ఇవ్వకండి. ఆ నాలుగు రాత్రుల్లో బుధవారం పడేలా చూసుకోండి.

నెయ్యి, కోవా, మాంసం ఊరగాయ యూరప్‌లోకి తీసుకెళ్లకూడదు. పచ్చి కరివేపాకు, మామిడిపండ్లు కూడా వద్దు. కందిపొడి, ఆవకాయ పర్వాలేదు, నూనె కారకుండా కట్టండి. మందులు స్ట్రిప్పులతోనే, ఇంగ్లీషు చీటీతో చేతిసంచిలో. ఇన్సులిన్ పెట్టెలో వేస్తే గడ్డకట్టి పనికిరాకుండా పోవచ్చు.

జవాబు (బరంపురం)

ఒకటి మర్చిపోయాను. విశాఖ నుంచి మొదటి విమానం కూడా అదే టికెట్టులో ఉండాలి. విడిగా కొంటే దేశీయ విమానంలో సామాను 15 కిలోలే, విదేశీ టికెట్టులో 23 ఉన్నా అక్కడే అదనపు డబ్బు కట్టిస్తారు. పైగా మొదటిది ఆలస్యమై రెండోది తప్పిపోతే ఎవరూ బాధ్యత తీసుకోరు. అడ్వాన్సు రసీదులోనే మూడు సంగతులు రాయించండి: వీసా రాకపోతే ఎంత తిరిగిస్తారు, హోటళ్ల దగ్గర కట్టే ఊరి పన్ను ఎవరిది, టీసీఎస్ (విదేశీ టూరు డబ్బు మీద ఏజెంటు ముందే వసూలు చేసే ఆదాయపు పన్ను) ఎంత. టీసీఎస్ మీ పాన్ మీద పడితే రిటర్నులో సర్దుకోవచ్చు, గుంపు మొత్తానిది ఒక్కరి పాన్ మీద పడనివ్వకండి.