గొంతులు వినిపించేవాళ్లకు డాక్టరు లేని గ్రూపు మంచిదేనా?

గాజువాక అన్న: పక్కన ఎవరూ లేకపోయినా మా తమ్ముడికి మాటలు వినిపిస్తాయి. మందులు వాడుతున్నాడు. ఈమధ్య అలాంటివాళ్లే నడుపుకునే వాట్సాప్ గ్రూపులో చేరాడు. అందులో డాక్టరు లేరు. ఒకరి భయం ఇంకొకరికి అంటుకుంటుందేమోనని ఇంట్లో టెన్షన్. మాన్పించాలా?

తగరపువలస బాబాయ్: మాన్పించెయ్ బాబూ. మా బంధువులబ్బాయి ఎవరో చెప్పారని మాత్రలు ఆపేసి, నెల తిరక్కుండా మళ్లీ ఆస్పత్రిలో పడ్డాడు.

ఎంవీపీ అక్క: బాబాయ్ గారూ, మాత్రలు ఆపమనే గ్రూపైతే నేనూ మాన్పించమనే అంటాను. కానీ అన్ని గ్రూపులూ అలాంటివి కావు. నాకూ గొంతులు వినిపిస్తాయి. 'నిన్ను చినవాల్తేరు మానసిక ఆస్పత్రిలో చేర్పించాలి' అని మన వైజాగ్‌లో ఇప్పటికీ వెక్కిరిస్తారు కదా, ఇక బయట ఎవరికి చెప్పుకుంటాం? ఇంట్లో 'తగ్గిందా?' అంటారే గానీ, ఆ గొంతు ఏమంటోందని అడగరు. గ్రూపులో అడిగారు. బయట ఉన్నప్పుడు జవాబు చెప్పాలనిపిస్తే ఫోన్ చెవి దగ్గర పెట్టుకోమని ఒకమ్మాయి చెప్పింది. మద్దిలపాలెంలో బస్సు కోసం నిలబడి, ఫోన్ పట్టుకుని, 'ఇప్పుడు కుదరదు, రాత్రి ఎనిమిదింటికి మాట్లాడదాం' అంటాను. ఎవరూ తిరిగి చూడరు. అలా వాయిదా వేస్తే నాకు దాని జోరు తగ్గుతుంది.

అసలు ఈ దారికి నాంది పలికినవాళ్లలో ఒక డాక్టరే ఉన్నారు. 1987లో నెదర్లాండ్స్‌లో మారియస్ రోమ్ అనే మానసిక వైద్యుడు, తన దగ్గర చికిత్స పొందుతున్న పాట్సీ హేగ్‌తో కలిసి టీవీలో మాట్లాడి, గొంతులు వినిపించేవాళ్లను ఫోన్ చేయమన్నారు. వందలమంది చేశారు. వైద్యం లేకుండానే నెట్టుకొస్తున్నవాళ్లూ వాళ్లలో ఉన్నారు.

తగరపువలస బాబాయ్: చచ్చిపొమ్మని గొంతు చెబితేనో? అర్ధరాత్రి మెసేజ్ పెడితే చూసేదెవరమ్మా?

ఎంవీపీ అక్క: అదే మాక్కూడా పెద్ద బెంగ. అందుకే చేరేటప్పుడే ఇంట్లోవాళ్ల నంబరు తీసుకుంటాం. ఆ మాట వినిపిస్తే గ్రూపులో రాసి కూర్చోవద్దు, పక్కగదిలో వాళ్లను లేపమని, 14416కి చెయ్యమని చెబుతాం. అది టెలిమానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ నంబరు, రాత్రిళ్లూ పలుకుతుంది, తెలుగులో మాట్లాడతారు. డోసు గురించి ఎవరైనా సలహా ఇస్తే అడ్మిన్ తీసేస్తారు.

తగరపువలస బాబాయ్: అలా కట్టుదిట్టంగా నడిపేవి ఎన్నుంటాయి? నాకింకా ధైర్యం చాలట్లేదు.

గాజువాక అన్న: అక్కా, వాడి గ్రూపులో మందుల మాట వస్తే ఏం చేస్తారో ముందు వాణ్ణే అడుగుతాను. వచ్చేసారి డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు గ్రూపు సంగతి కూడా చెప్పమంటాను.